పై గదిలో ఎవరూ లేరు

భారతమ్మకు ఒక మనిషి మీద అనుమానం రావడానికి ఆ మనిషి చెడ్డవాడై ఉండాల్సిన పనిలేదు. కిరాయికి వచ్చినవాడైతే చాలు. తక్కువ మాట్లాడితే ఏదో దాస్తున్నాడంటుంది. ఎక్కువ మాట్లాడితే కూపీ లాగుతున్నాడంటుంది. నవ్వుతూ నమస్కారం పెట్టాడా, ఇక ఆ పూట ఆమెకు అన్నం సహించదు.

పుట్టుకతోనే ఇలాంటి మనిషి కాదు పాపం. వాళ్ల ఊరు శంషాబాద్ ఎయిర్‌పోర్టు గోడకు ఇవతల, రావిర్యాల పోయే దారిలో ఉంది. పొలం సగం ఎయిర్‌పోర్టు కింద పోయింది, సగం రింగురోడ్డు కింద పోయింది. అది సర్కారు తీసుకున్నది, ఊరందరిదీ పోయింది, నలుగురితోపాటు ఏడ్చి ఊరుకున్నారు. రోడ్డు పక్కన మిగిలిన ప్లాటు మాత్రం ఒక్క మాటకు పోయింది.

ఆ ప్లాటులో ఒక రేకుల షెడ్డు ఉండేది. పదమూడేళ్ల కింద రవీందర్ అనేవాడు వచ్చి, పంచర్ దుకాణం పెట్టుకుంటానని దాన్ని కిరాయికి తీసుకున్నాడు. మర్యాదస్తుడు. భారతమ్మను వదినా అనేవాడు. ఏడాది తిరగకముందే షెడ్డుకు తన పేరు మీద కరెంటు మీటరు పెట్టించుకున్నాడు. ఒకరోజు ఎవరో ఆఫీసరు ఫైలు పట్టుకుని వచ్చి, "రవీందర్ ఈడ్నే ఉంటుండా?" అని అడిగాడు. గొర్రెలను తోలుకుపోతున్న భారతమ్మ మొగుడు కుర్మయ్య ఆగి, "ఉంటుండు సార్, ఏడాదిసంది ఈడ్నే ఉంటుండు. మంచి పిలగాడు" అని చెప్పాడు. అబద్ధమాడటం ఆయనకు ఇప్పటికీ చేతకాదు. ఆ మాట కాగితమెక్కింది. దానికి రవీందర్ పుట్టించిన దొంగ అమ్మకం పత్రం, కరెంటు బిల్లు తోడయ్యాయి. తొమ్మిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగాక ప్లాటు రవీందర్‌దని తేలింది.

ఇక మిగిలింది ఇల్లొక్కటే. కింద మూడు గదులు, పైన ఒక గది. దాని మీద ఈగ వాలినా భారతమ్మ ఆ ఈగ ఏ ఊరిదని అడుగుతుంది.

అలాంటి మనిషి పై గదిని కిరాయికివ్వడానికి ఒప్పుకున్నదంటే అది కొడుకు జగదీశ్ తెలివి. అతను కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల నెలకో, రెండు నెలలకో గది కావాల్సినవాళ్లు చాలామంది ఉంటారని అక్కడే విన్నాడు. గదిలో మంచం, పరుపు, ఏసీ, చిన్న ఫ్రిజ్, కరెంటు పొయ్యి, గిన్నెలు, చెంచాలు అన్నీ పెట్టి, ఫోటోలు తీసి ఫోన్లో ఒక యాప్‌లో పెట్టాడు.

"మూడు నెలలకు మించి ఎవ్వలు ఉండరమ్మా. అన్నీ మనవే ఉంటయి, వాళ్లు ఒక సంచి తెచ్చుకుంటరు, పోతరు. పాతుకపోయేటోళ్లు కాదు" అన్నాడు.

ఆ 'పాతుకపోరు' అన్న మాట భారతమ్మకు నచ్చింది. మూడు నెలల్లో ఎవడైనా ఎంత వేరు తన్నగలడు? సరేనన్నది. సామాన్ల జాబితా ఒకటి రాయించి తలుపు వెనక అతికించింది. ఎవరు ఖాళీ చేసినా చెంచాలతో సహా లెక్క చూసుకునేది. విమానాలు బాగుచేసే కేరళ అతను రెండు నెలలుండి పోయేటప్పుడు ఒక చెంచా ఎక్కువే వదిలి వెళ్లాడు. ఆ ఎక్కువ చెంచా ఎందుకు వదిలాడా అని ఆమె వారం రోజులు ఆలోచించింది.

ఆ తర్వాత వచ్చింది రేఖ. ఇరవై నాలుగేళ్లుంటాయి. అచ్చంపేట అవతల ఏదో ఊరు. ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల కౌంటర్ దగ్గర ఉద్యోగం. ముందు శంషాబాద్‌లో కంపెనీవాళ్ల ఆఫీసులో మూడు నెలలు శిక్షణ. అది అయ్యేదాకా ఉంటానన్నది.

కుర్మయ్యకు ఆ పిల్ల మొదటి రోజే నచ్చింది. ఆయన మందలో ఒక గొర్రెపిల్ల తల విదిలిస్తుంటే, రేఖ దాన్ని ఒడిలోకి లాక్కుని చెవి వెనకున్న గోమారి పురుగును గోళ్లతో పీకి చూపించింది. ఇక ఆయనకు వేరే ఆధార్ కార్డు అవసరం లేకపోయింది.

"రైతు బిడ్డనే. మనసొంటోళ్లే" అన్నాడు.

"రవీందర్‌గాడు గూడ నీ గొర్లకు నీళ్లు పెట్టిండు. యాదిలేదా?" అన్నది భారతమ్మ. కుర్మయ్య కర్ర తీసుకుని బయటికి పోయాడు. ఆ పేరెత్తితే ఆయన ఇంట్లో కూర్చోలేడు.

మొదటి నెల ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే భారతమ్మకు గుబులుగా ఉండేది. రేఖ పొద్దున్నే నీలం యూనిఫాం వేసుకుని పోయేది, సాయంత్రం వచ్చేది. వచ్చేటప్పుడు ఒక్కోసారి బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తెచ్చి, "పెద్దమ్మా, వేడిగున్నయి తిను" అని చేతిలో పెట్టేది. భారతమ్మ తినేది. మిర్చీల మీద ఆమెకు కోపం లేదు.

రెండో నెలలో ఒక సాయంత్రం ఆరిన బట్టలు తేవడానికి పైకి వెళ్లిన భారతమ్మకు రేఖ గదిలోంచి మాటలు వినపడ్డాయి. లోపల ఇంకెవరో ఉన్నారనుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరూ లేరు. పిల్ల ఒక్కతే ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నది. "మై నేమ్ ఈజ్ రేఖ" అన్నది. తర్వాత ఏదో అన్నది. ఆ తర్వాత, "మై అడ్రస్ ఈజ్ త్రీ డ్యాష్ ఫార్టీ వన్" అన్నది. ఆగి మళ్లీ మొదటినుంచి అందుకున్నది. మళ్లీ త్రీ డ్యాష్ ఫార్టీ వన్.

భారతమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ తొమ్మిదేళ్లు కోర్టు మెట్లు ఎక్కి దిగిన మనిషి, తన ఇంటి నెంబరును ఏ భాషలో పలికినా గుర్తుపడుతుంది. ఎవరో పరాయి పిల్ల తలుపేసుకుని ఆ నెంబరును జపం చేస్తుంటే ఆమె ఇక అక్కడ నిలబడలేదు. బట్టలు తీగ మీదే వదిలేసి దిగిపోయింది.

"ట్రైనింగ్‌ల అడుగుతరమ్మా, నీ గురించి చెప్పమని. గందుకు ప్రాక్టీస్ చేస్తున్నదేమో" అన్నాడు జగదీశ్, అన్నం తింటూ.

"ఆమె గురించి చెప్పుకోమను. మన ఇంటి గురించి ఆమెకెందుకు?"

జగదీశ్ నవ్వాడు. నవ్వే కొడుకును చూస్తే భారతమ్మకు ఇంకా భయమేసింది. వీడు కూడా తండ్రి పోలికే.

ఆ వారం నుంచి అన్నీ కనపడటం మొదలైంది. ఒక పొద్దున రేఖ గేటు బయట నిలబడి ఫోన్‌తో ఇంటి ముందు భాగం ఫోటో తీసింది, నెంబరు పలక వచ్చేలా. మరో రోజు పోస్టులో ఆమె పేరుతో బ్యాంకు కవరొకటి వచ్చింది. దాని మీద రేఖ పేరు, కింద కేరాఫ్ అని కుర్మయ్య పేరు, దాని కింద ఇంటి నెంబరు. రేఖ దాన్ని విప్పి లోపలి కార్డు తీసుకుని పోతే, ఖాళీ కవరును భారతమ్మ తీసి పొయ్యిలో పెట్టి పూర్తిగా కాలేదాకా చూసింది. ఇంకో రోజు రేఖ మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, కరెంటు బిల్లు జిరాక్స్ ఒకటి కావాలె. ఉన్నదా?"

"జగదీశ్ తీస్కపోయిండు."

"పోయిన నెలదైనా పర్వాలె."

"అదిగూడ తీస్కపోయిండు" అన్నది భారతమ్మ. బిల్లులన్నీ ఆమె పరుపు కిందే ఉన్నాయి.

తర్వాత రేఖ అన్న మాట భారతమ్మ నెత్తిన పిడుగులా పడింది.

"సరే తీ పెద్దమ్మా, లేకున్నా నడుస్తదట. ఎయిర్‌పోర్ట్ పాస్ కోసం పోలీసులు ఎంక్వైరీకి వస్తరు. ఎవరన్నా వచ్చి అడిగితే నేను ఈడ్నే ఉంటున్ననని చెప్పు. గంతే. పాస్ ఉంటేనే లోపలికి పోనిస్తరు."

పాస్ అన్నదీ, పోలీసులన్నదీ భారతమ్మ చెవిన పడలేదని కాదు. పడింది. కానీ వాటికంటే గట్టిగా పడింది వేరే మాట. పదమూడేళ్ల కింద రవీందర్ కూడా షెడ్డు ముందు నిలబడి, "వదినా, ఎవరన్నా వచ్చి అడిగితే నేను ఈడ్నే ఉంటున్ననని చెప్పుండ్రి, మీటరు కోసం" అన్నాడు. అప్పుడూ గంతే అన్నాడు. ఆ 'గంతే'కు ప్లాటు పోయింది. ఇప్పుడు ఈ పిల్ల ఇంటికే ఎసరు పెట్టిందని భారతమ్మకు రూఢి అయిపోయింది. ఎవరితోనూ అనలేదు. అంటే మొగుడు బయటికి పోతాడు, కొడుకు నవ్వుతాడు.

ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం మోటార్‌సైకిల్ మీద ఒకతను వచ్చాడు. సివిల్ బట్టల్లో ఉన్నాడు. చంకలో ఫైలు.

"అమ్మా, కుర్మయ్య ఇల్లు గిదేనా?"

"గిదే. మీరెవరు?"

"పోలీసు. నా పేరు శ్రీకాంత్. ఎంక్వైరీకి వచ్చిన. మీ ఇంట్ల రేఖ అని ఎవరన్నా కిరాయికి ఉంటున్నరా?"

భారతమ్మ అతని ముఖం చూడలేదు. ఫైలు చూసింది, విప్పిన పెన్ను చూసింది. కుర్మయ్య గొర్రెల వెంట ఉన్నాడు. జగదీశ్ కొత్తూరులో ఉన్నాడు. చెప్పాల్సింది తానే. 'ఉంటున్నది' అని ఒక్క మాట తన నోటి నుంచి వచ్చిందా, ఆ పెన్ను రాసుకుంటుంది. తర్వాత ఆ రాతను తుడవడానికి తొమ్మిదేళ్లు కాదు, తన జన్మ చాలదు.

"లేదు సార్. గా పేరుగల్లోళ్లు ఎవ్వలు లేరు."

"మీద రూమున్నట్టున్నది గద?"

"ఖాళీ సార్. మా పాత సామాను ఏసుకున్నం."

మేడ మీద తీగకు రేఖ నీలం చొక్కా వేలాడుతున్నది. శ్రీకాంత్ తలెత్తితే కనపడేది. అతను తలెత్తకుండా ఫోన్ తీసి ఎవరికో చేశాడు. శిక్షణకు పోయినప్పుడు రేఖవాళ్లు ఫోన్లు బయట అప్పగించి పోతారు. మోగి మోగి ఆగిపోయింది. ఫైలులో ఏదో రాసుకున్నాడు.

"మంచిదమ్మా" అని వెళ్లిపోయాడు.

బండి చప్పుడు దూరమయ్యేదాకా భారతమ్మ గేటు పట్టుకునే ఉంది. తర్వాత మేడ మీదికి పోయి ఆ నీలం చొక్కాను తీసి, మడతపెట్టి, రేఖ గది ముందు పెట్టింది. ఇల్లు కాపాడుకున్నానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు రేఖ మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చింది. మెట్లెక్కలేదు. అరుగు మీద కూలబడి ముఖం చేతుల్లో పెట్టుకున్నది. కుర్మయ్య అప్పుడే అన్నానికి వచ్చాడు.

"ఏమైంది బిడ్డా?"

"పాస్ ఆపేసిండ్రు పెద్దనాయనా. నేను ఇచ్చిన అడ్రస్‌ల నేను ఉంటలేనని పోలీసు రిపోర్టు వచ్చిందట. దొంగ అడ్రస్ ఇచ్చిన్నని అందరి ముందట నిలబెట్టి అడిగిండ్రు. ఎల్లుండికి సరిచేసుకోకుంటే బ్యాచ్‌ల నుంచి తీసేస్తరట." ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. "రెండేండ్లసంది తిరుగుతున్న ఈ నౌకరి కోసం. నేను ఈడ్నే ఉంటున్న గద పెద్దమ్మా? ఉంటలేనని ఎవలు చెప్పిండ్రో!"

భారతమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టింది. అంటే అది నిజంగానే పాస్ కోసమా? ఇల్లు కోసం కాదా? ఆమెకు సిగ్గు వేసింది, భయం వేసింది. ఆ రెండింటి కింద, చెప్పుకోరాదు గానీ, 'ఏమో, ఇది కూడా నాటకమేమో' అన్న పురుగు ఇంకా మెదులుతూనే ఉన్నది.

కుర్మయ్య తువ్వాల భుజాన వేసుకున్నాడు. "లే బిడ్డా. నడు పోదాం. నేను వచ్చి చెప్త ఉన్నదని."

"నువ్వు పోకు" అన్నది భారతమ్మ.

"ఎందుకు?"

ఆయన పోతే అక్కడ ఏం బయటపడుతుందో ఆమెకు తెలుసు. పోకపోతే ఈ పిల్ల బతుకు ఏమవుతుందో కూడా తెలుసు. "నేను గూడ వస్త" అన్నది చివరికి. అక్కడ వేరే పోలీసు ఉండాలని దారి పొడుగునా పోచమ్మకు మొక్కుకున్నది.

ఆటోలో రేఖ మధ్యన కూర్చుని భారతమ్మ చెయ్యి పట్టుకున్నది. "నా కోసం ఇంతదూరం వస్తున్నవు పెద్దమ్మా. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన, నీ అసొంటి మనిషి దొరికిందని" అన్నది. భారతమ్మ రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నది. ఆ చేతిని వదిలించుకోలేదు, పట్టుకోలేదు.

స్టేషన్లో వేరే పోలీసు లేడు. శ్రీకాంతే ఉన్నాడు. కుర్మయ్య చేతులు కట్టుకుని, "సార్, ఈ పిల్ల మా ఇంట్లనే ఉంటున్నది. నేను గవాయి" అని మొదలుపెట్టాడో లేదో, శ్రీకాంత్ ఆయన వెనక నిలబడ్డ భారతమ్మను చూశాడు.

"గీ అమ్మనే గద నాకు చెప్పింది, ఎవ్వలు లేరని? మీద రూం ఖాళీ అని?"

కుర్మయ్య తిరిగి పెళ్లాం వైపు చూశాడు. ఆటోలోంచి పట్టుకునే ఉన్న భారతమ్మ చేతిని రేఖ ఎప్పుడు వదిలేసిందో తెలియదు.

"అవును సార్" అన్నది భారతమ్మ. "నేనే చెప్పిన. అబద్ధం చెప్పిన. పిల్ల నా ఇంట్లనే ఉంటున్నది, రెండు నెలల పన్నెండు రోజులాయె."

"ఎందుకు చెప్పినవమ్మా గట్ల?"

"ఇల్లు సార్" అన్నది. ఇంకేదో చెప్పబోయింది. రవీందర్, ప్లాటు, కోర్టు, అన్నీ గొంతుదాకా వచ్చాయి. శ్రీకాంత్‌కు అవన్నీ వినే తీరిక లేదు. ఒక తెల్లకాగితం తీసి, రేఖ ఫలానా తేదీ నుంచి మా ఇంట్లో కిరాయికి ఉంటున్నదని ఇంటివాళ్లు చెప్పినట్టుగా తానే రాసి, భారతమ్మ ముందు పెట్టాడు.

"సంతకం పెట్టు. రేపే పంపిస్త."

భారతమ్మ పెన్ను పట్టుకున్నది. పట్టుకుని ఆగింది. ఆగకుండా ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆమె నోరు ఆమె మాట వినలేదు.

"సార్, గీ కాయితం కోర్టుకు గీర్టుకు పోదు గద?"

శ్రీకాంత్‌కు అర్థం కాలేదు. కుర్మయ్యకు అర్థమై తలకాయ దించుకున్నాడు. రేఖకు కూడా అర్థమైంది. అప్పటిదాకా ఏడ్చిన పిల్ల, అప్పుడు కళ్లు తుడుచుకుంది.

"మీ ఇల్లు నాకెందుకండి?" అన్నది. "ఇంక పద్దెనిమిది రోజులే గద నేను ఉండేది."

రెండు నెలలుగా ఆ పిల్ల ఆమెను నువ్వు అనే పిలిచింది. భారతమ్మ సంతకం పెట్టింది. అక్షరాలు గీతలు తప్పి పక్కకు పోయాయి.

రిపోర్టు మారింది. పాస్ వస్తుందని కంపెనీవాళ్లు ఫోన్ చేసి చెప్పారు. కానీ రిపోర్టు చేరేసరికి గడువు దాటి ఈ బ్యాచ్‌లో చోటు పోయింది, నెల తర్వాత మొదలయ్యే దాంట్లో మొదటినుంచి చేరమన్నారు. రేఖ ఆ మాట జగదీశ్‌కు చెప్పింది. మెట్ల దగ్గరే ఉన్న భారతమ్మకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున బ్యాగు పట్టుకుని కిందికి దిగింది. తాళంచెవి జగదీశ్ చేతిలో పెట్టింది. కుర్మయ్య మందను ఇంకా విప్పలేదు, దొడ్డి దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఇంక పదిహేను రోజులున్నయి గద బిడ్డా" అన్నది భారతమ్మ. "ఉండు. నేను పైసలేం అడుగ."

"శంషాబాద్‌ల హాస్టల్ దొరికిందండి."

"నా మీద కోపముంటే తిట్టు. పోకు. తప్పయింది. పాతది ఒకటి మనసుల పడి గట్ల చేసిన."

"మీ కొడుకు చెప్పిండు, ప్లాటు సంగతి" అన్నది రేఖ. "మా నాయనది గూడ నాలుగు గుంటలు గట్లనే పోయినయి. నాకు తెల్వదా?" కోపంగా అనలేదు. అలా అని ఊరుకుంటే భారతమ్మకు కాస్త ప్రాణం లేచివచ్చేది. కానీ రేఖ బ్యాగును అరుగు మీద పెట్టి, జిప్పు లాగి, రెండు వైపులా విప్పింది. మడతపెట్టిన నీలం చొక్కాలు, ఇంగ్లీషు రాసుకున్న నోటుబుక్కు, దువ్వెన, మందుల పొట్లం, అడుగున ఒక పాత దుప్పటి.

"చూసుకోండి. మీ ఇంటిది కాయితం ముక్క గూడ తీస్కపోతలేను."

"వద్దు బిడ్డా, గట్లనకు, మూసెయ్" అన్నది భారతమ్మ. జగదీశ్ ముఖం తిప్పుకున్నాడు. ఆమె నిజంగానే వద్దనుకున్నది. ముఖం తిప్పుకోవాలని గట్టిగా అనుకున్నది. అనుకున్నదే గానీ, ఆమె కళ్లు అప్పటికే బ్యాగులోకి వెళ్లిపోయాయి. చొక్కాల మధ్య తిరిగాయి, నోటుబుక్కు అంచుల్లో కాగితమేమైనా బయటికి పొడుచుకు వచ్చిందేమో చూశాయి, దుప్పటి మడత దగ్గర ఆగాయి, అడుగుదాకా పోయి గానీ వెనక్కి రాలేదు.

ఆ కళ్లు పైకి వచ్చేదాకా రేఖ జిప్పు పట్టుకుని ఓపికగా నిలబడింది. వచ్చాక బ్యాగు మూసి, భుజానికి వేసుకుని గేటు దాటి వెళ్లిపోయింది.